లైఫ్ జాకెట్ ఒంటిమీద ఉండాలి, కింద కాదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది బరంపురం. నాకు నలభై ఏడేళ్లు. బట్టల కొట్టు ఉంది, పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గర కూర్చునే పని. రెండేళ్లుగా బీపీకి మాత్రలు వాడుతున్నాను. షుగరు అంచుల్లో ఉందన్నారు. ఈ వేసవిలో నేనూ మా బావమరిదీ చెరో ప్లాస్టిక్ కయాక్ కొన్నాం, తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, పైన కూర్చునే రకం. ఆదివారం తెల్లారకముందే కారు మీద కట్టుకుని రంభ వెళ్లి, చిలికాలో రెండు గంటలకు పైగా నడుపుతాం. మొదట్లో ప్రాణం లేచొచ్చినట్టుండేది. ఇప్పుడు మూడు బాధలు పట్టుకున్నాయి. కుడి చెయ్యి పైకెత్తితే భుజం సలుపుతోంది. రాత్రిళ్లు కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది. కయాక్‌లో కూర్చున్న అరగంటకే పిరుదుల నుంచి పాదాల దాకా మొద్దుబారిపోతోంది. లైఫ్ జాకెట్ మడిచి కింద వేసుకుంటే కాస్త నయంగా ఉంది. మందుల కొట్లో అడిగి శనివారం రాత్రి ఒకటి, ఆదివారం పొద్దున ఒకటి నొప్పి మాత్ర వేసుకుంటున్నాను. చిన్నప్పుడు చెరువులో ఈత నేర్చుకున్నాను. బీపీ మనిషికి ఇవేం ఆటలని మా ఆవిడ ఒకటే గోల. పదమూడేళ్ల మా అమ్మాయేమో తనూ వస్తానంటోంది. దసరా సెలవుల్లో ముగ్గురం ఏదైనా ద్వీపం దాకా వెళ్లి రావాలని ఉంది. జిమ్ముకి వెళ్లి చేతులు గట్టి చేసుకుంటే సరిపోతుందా, లేక మానెయ్యమంటారా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మానెయ్యక్కర్లేదు. చేతుల కోసం జిమ్ముకీ వెళ్లక్కర్లేదు. భుజం సంగతి, వేళ్ల సంగతి వివరంగానే చెప్తాను. కానీ మీ ఉత్తరం చదువుతుంటే నాకు గుండె గుభేలుమన్నది మాత్రం, మాటవరసకి రాసినట్టు మీరు రాసిన ఆ జాకెట్ ముక్క దగ్గర. భుజం నొప్పి ఎవరి ప్రాణమూ తియ్యదు. అందుకని అక్కణ్ణించే మొదలుపెడతాను.

ముందు కాళ్లు ఎందుకు మొద్దుబారుతున్నాయో చూద్దాం. అది సర్దుకుంటే జాకెట్‌ని కింద వేసుకోవలసిన అవసరమే ఉండదు. ఇంట్లో గోడకి ఆనుకుని నేల మీద కాళ్లు బారచాపి కూర్చోండి, ఎంతసేపు కూర్చోగలరో మీకే తెలుస్తుంది. ఏళ్ల తరబడి కుర్చీలో కూర్చున్నవాళ్లకి తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి. కాళ్లు చాపగానే అవి కటి ఎముకని వెనక్కి లాగుతాయి, నడుం గూనిలా వంగుతుంది. ఒంటి బరువు పిరుదుల కింది ఎముకల మీద నిలవకుండా వెనక్కి జారి, పిరుదుల్లోంచి కాళ్లలోకి దిగే సయాటిక్ నరాన్ని ఒత్తుతుంది. పైగా గట్టి ప్లాస్టిక్ సీటు అంచు తొడల కింద కోస్తూ ఉంటుంది. పాదం మొద్దుబారక ఏం చేస్తుంది?

కయాక్‌లో పాదాలు ఆన్చడానికి మెట్లుంటాయి. మీవి బాగా దూరంగా పెట్టుకుని ఉంటారు, చాలామంది కొత్తవాళ్లు చేసే పనే అది. ఒకటి రెండు గాళ్లు దగ్గరికి జరపండి. మోకాళ్లు కాస్త వంగి, కాస్త బయటికి తిరిగి, మడమలూ మునివేళ్ల మొదళ్లూ మెట్టుకి గట్టిగా ఆనాలి. వీపు ఆనుడు పట్టీలు బిగించి నడుం కింది భాగానికి తగిలేలా చూడండి. వెనక్కి వాలి పడకకుర్చీలో కూర్చున్నట్టు కూర్చోకూడదు. పరుపుల కొట్లో అంగుళం మందం ఫోమ్ ముక్క కొని సీటుకి సరిపడా కోసుకోండి. తొడల కింద కొంచెం ఎత్తుగా, వెనక పల్చగా ఉంటే ఇంకా మంచిది. మీది పైన కూర్చునే రకం కాబట్టి నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు ఇరవై నిమిషాలకోసారి కాళ్లు రెండువైపులా నీళ్లలోకి వేలాడెయ్యవచ్చు. రోజూ పడుకునే ముందు వెల్లకిలా పడుకుని, తువ్వాలు పాదానికి వేసి కాలు నిటారుగా ఎత్తి, అర నిమిషం పట్టి ఉంచండి. ఒక్కో కాలికి మూడుసార్లు. నెల తిరిగేసరికి తేడా తెలుస్తుంది.

ఒడ్డుకి వచ్చి నడిచిన పది నిమిషాల్లో మొద్దు విడిపోతుంటే అది కేవలం ఒత్తిడి. సోమవారం కూడా ఉంటే, దగ్గినా తుమ్మినా నడుంలోంచి కాలికి కరెంటు పాకినట్టు ఉంటే, పాదం ఎత్తలేక చెప్పు జారుతుంటే డిస్కు సంగతి చూపించుకోవాలి. మలమూత్రాల దగ్గర స్పర్శ తగ్గినా, మూత్రం పట్టు తప్పినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎంకేసీజీ ఆస్పత్రికి వెళ్లండి.

నడుం అంటే గుర్తొచ్చింది. మీ ఉత్తరంలో లేదు గానీ, ఈ ఆటలో చాలా నడుములు నీళ్లలో కాదు, కారు పక్కన పట్టేస్తాయి. ఒక్కరు కూర్చునే ప్లాస్టిక్ కయాక్ 20 నుంచి 25 కిలోలుంటుంది. రాత్రంతా పడుకుని లేచిన మొదటి గంటలో వెన్నులోని డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. మీరేమో నిద్ర లేస్తూనే వంగి కయాక్ ఎత్తుతున్నారు. శనివారం సాయంత్రమే ఎక్కించి కట్టేసుకోండి. రంభలో దింపేటప్పుడు చెరో కొసా పట్టుకోండి, ముందు ఓ ఐదు నిమిషాలు అటూ ఇటూ నడిచి.

ఇక జాకెట్. మీరు ఇన్నాళ్లూ కూర్చున్నది ఇక పారెయ్యండి. అందులో ఉండేది చిన్న చిన్న గాలి గదులున్న ఫోమ్. మనిషి బరువు మీద పడేకొద్దీ ఆ గదులు నలిగి అణిగిపోతాయి, తేల్చే శక్తి తగ్గిపోతుంది. పైకి కొత్తదానిలాగే కనపడుతుంది, చిక్కంతా అదే. కొత్తది కొనేటప్పుడు లోపలి చీటీ చూడండి. తేల్చే శక్తిని న్యూటన్లలో రాస్తారు. 50 న్యూటన్లు అని ఉంటే అది బాగా ఈత వచ్చి, సాయం దగ్గర్లో ఉన్నవాళ్ల కోసం. 100 న్యూటన్లది మనిషిని వెల్లకిలా తిప్పి మొహం పైకి ఉండేలా పట్టి ఉంచడానికి చేసినది. మీకు 100దే కావాలి. తొడుక్కుని పట్టీలన్నీ బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని మీ బావమరిదిని పైకి లాగమనండి. చెవుల దాకా లేచిందంటే అది మీ సైజు కాదు.

ఈత వచ్చంటారా? చెరువులో గోచీ పెట్టుకుని దూకినప్పుడు ఒళ్లు తాజాగా ఉంటుంది, గట్టు కళ్లెదుట ఉంటుంది. కయాక్ తిరగబడేదేమో బాగా అలిసిపోయి, గాలి ఎదురొచ్చి, ఒడ్డు దూరమైనప్పుడు. ఖాళీ కయాక్‌ని గాలి ఎంత వేగంగా తోసుకుపోతుందంటే ఈదుతూ దాన్ని అందుకోవడం కష్టం. అందుకే పడగానే చెయ్యాల్సిన పని కయాక్‌ని వదలకుండా పట్టుకోవడం. తర్వాత దాన్ని తిప్పి మళ్లీ ఎక్కాలి. రొమ్ము లోతు నీళ్లలో, ఒడ్డు పక్కన, కావాలనే పడి ఎక్కడం ఇద్దరూ ప్రాక్టీసు చెయ్యండి. ఎక్కేటప్పుడు చేతులతో పైకి లాక్కోబోకండి. కాళ్లు నీటి మీదికి తేలేలా తన్నుతూ, బోర్లా కయాక్ మీదికి జారి, అప్పుడు తిరిగి కూర్చోవాలి. సలిపే భుజంతో అది చేయగలరో లేదో కూడా ఆ రోజే తేలిపోతుంది. చేయలేకపోతే భుజం నయమయ్యేదాకా లోతుకి వెళ్లొద్దు.

భుజం దగ్గరికొచ్చాం కాబట్టి ఒక లెక్క. నిమిషానికి 40 వేట్లు తెడ్డు వేస్తారనుకుంటే రెండు గంటల్లో 4,800 వేట్లు, అంటే ఒక్కో భుజానికి 2,400. వారమంతా గజం కర్ర తప్ప బరువైనది పట్టని చేయి, ఆదివారం ఒక్క పూటలో అన్నిసార్లు లాగుతోంది. భుజం కీలు చుట్టూ నాలుగు చిన్న కండరాలుంటాయి, వాటి స్నాయువులు ఎముకల మధ్య ఇరుకు సందులోంచి వెళ్తాయి. మోచేయి భుజం కంటే పైకి లేచిన ప్రతిసారీ అవి ఆ సందులో నలుగుతాయి. మీకు చెయ్యెత్తితే వచ్చే సలుపు బహుశా అదే.

తప్పు చేతుల బలంలో లేదు. మీరు చేతులతో లాగుతున్నారు. నూతిలోంచి నీళ్లు తోడేవాళ్లని చూడండి. అలవాటు లేనివాడు ఉత్త చేతులతో చేంతాడు లాగి రెండు బిందెలకే చతికిలపడతాడు. అలవాటున్న మనిషి కాలు తన్నిపెట్టి, నడుంతో, వీపుతో లాగుతుంది, చేతులు తాడు పట్టుకుంటాయి అంతే. తెడ్డు పని కూడా అలాంటిదే. కుడివైపు వేసేటప్పుడు ముందు మొండెం ఎడమకి తిరగాలి, కుడి భుజం ముందుకు రావాలి. తెడ్డు రెక్క పాదం పక్కన నీళ్లలో పూర్తిగా మునిగాక, కుడి పాదంతో మెట్టుని తొక్కుతూ మొండెం వెనక్కి తిప్పాలి. తుంటి దగ్గరికి రాగానే రెక్క నీళ్లలోంచి తీసెయ్యాలి. ఇంకా వెనక్కి లాగితే కయాక్ ముందుకు పోదు సరిగదా పక్కకి తిరుగుతుంది, మోచేయి వీపు వెనక్కి పోయి భుజం ముందు భాగం సాగుతుంది. పై చేయి కళ్ల ఎత్తు దాటకూడదు. మర్నాడు పొట్ట పక్కల నొప్పిగా ఉండి భుజాలు బాగుంటే సరిగ్గా వేశారన్నమాట. పాదాల మెట్లు దగ్గరగా ఉండాలని ఇందాక చెప్పింది కూడా ఇందుకే. ఆన్చడానికి ఏమీ లేకపోతే మొండెం తిప్పడం ఎవరి తరమూ కాదు.

రంభ జెట్టీ దగ్గర వెదురు గడతో పడవ తోసే జాలరి ముసలాళ్లు ఇంకా ఉన్నారు. ఓ పావుగంట గట్టు మీద కూర్చుని చూడండి. గడ నేలకి తగిలాక వాళ్ల చేతులు దాదాపు కదలవు, ఒళ్లంతా గడ మీదికి వాలుతుంది. ఇంటర్నెట్టు వీడియోలు పది చూసినదానికంటే అదే బాగా ఒంటబడుతుందని నా నమ్మకం.

ఒక్క భంగిమ మాత్రం భుజానికి నిజంగా ప్రమాదం. కయాక్ ఒరిగినప్పుడు గాభరాగా చేయి పక్కకీ పైకీ చాపి తెడ్డు నీళ్ల మీద మోపడం. అలా చాచిన చేతి మీద ఒళ్లు బరువూ అల తోపూ కలిసి పడితే గూడ జారిపోతుంది. నదుల్లో ఉధృతమైన నీళ్లలో కయాక్ నడిపేవాళ్లకి గూడ జారేది చాలావరకు ఇలాగే. తెడ్డు ఎప్పుడూ రొమ్ముకి ఎదురుగానే ఉండాలి. పక్కకి చూడాలన్నా, ఆనాలన్నా చేతులతో పాటు మొండెం కూడా తిరగాలి.

మూడు వారాలు కయాక్ ఆపండి. ఈలోగా కొట్లోనే చేసుకునే వ్యాయామాలు చాలు. మందపాటి రబ్బరు పట్టీ ఒకటి కొని తలుపు గడియకి కట్టి, మోచేయి నడుంకి అంటించి ఉంచి అరచేతిని బయటికి తిప్పుతూ లాగండి. తర్వాత పట్టీని రెండు చేతులతో పొట్ట వైపు లాగుతూ రెక్క ఎముకలు దగ్గరికి తీసుకురండి. ఒక్కోటీ పదిహేనేసి సార్లు, రోజు విడిచి రోజు. బెంచీ మీద పడుకుని బరువులెత్తి ఛాతీ, కండలు పెంచే జిమ్ము పని మీ భుజాన్ని ఇంకా ముందుకు లాగుతుంది, ఇప్పుడది వద్దు. అన్నట్టు, పొద్దున్నే కొట్టు షట్టర్ ఎత్తేది ఎవరు? మీరే అయితే, అదీ కుడి చేత్తో ఒక్క ఊపులో అయితే, ఆదివారం చిలికా పాపం సగమే. కుర్రాణ్ణి ఎత్తమనండి. ఆరు వారాలకీ తగ్గకపోయినా, రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయినా, చెయ్యి ఉన్నట్టుండి లేవకపోయినా ఎముకల డాక్టరుకి చూపించండి.

వేళ్ల తిమ్మిరి ఏ వేళ్లలోనో మీరు రాయలేదు. బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లలో అయితే మణికట్టు దగ్గర నరం ఒత్తుకుపోవడం, కార్పల్ టనెల్ అంటాం. చిటికెన వేలు వైపైతే అది వేరే నరం, మోచేతి దగ్గరో అరచేతి అంచు దగ్గరో చూడాలి. రాత్రి మెలకువ రావడం మొదటిదానికి ఆనవాలు. షుగరు ఉన్నవాళ్లకి ఈ నరం త్వరగా నొచ్చుకుంటుంది, కాబట్టి అంచుల్లో ఉందన్న మీ షుగరు ఇప్పుడెక్కడుందో, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షతో చూసుకోండి.

కయాక్ తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి కదా, మధ్యలో బొత్తం నొక్కి వాటి కోణం మార్చుకోవచ్చు. ఎదురుగాలి కోసిపోయేలా ఒక రెక్కని రెండోదానికి అడ్డంగా తిప్పి పెడతారు. అలా పెడితే ప్రతి వేటుకీ కుడి మణికట్టు వెనక్కి మడతపడాలి. ఇందాకటి లెక్కన 2,400 మడతలు. మీ తెడ్డు 60 డిగ్రీలకి పైగా తిప్పి ఉంటే తగ్గించండి, రెండు రెక్కలూ ఒకే వరసలో పెట్టుకున్నా మీ వేగానికి పోయేదేమీ లేదు. పట్టు కూడా అంత బిగువు వద్దు. బొటనవేలూ చూపుడువేలూ ఉంగరంలా చుట్టి, మిగతా మూడు వేళ్లూ వదులుగా ఉంచినా తెడ్డు ఎక్కడికీ పోదు. తెడ్డు నెత్తి మీద అడ్డంగా పెట్టుకున్నప్పుడు మోచేతులు రెండూ లంబకోణంలో ఉంటే చేతులు సరైన చోట పట్టినట్టు. అక్కడ రంగు టేపు చుట్టుకోండి. రాత్రిళ్లు మణికట్టు నిటారుగా ఉంచే పట్టీ నెల రోజులు కట్టుకోండి. బొటనవేలి మొదట్లో కండ పల్చబడినట్టు కనపడినా, చొక్కా బొత్తాలు పెట్టడం కష్టమైనా ఆలస్యం చెయ్యకండి, అది నరం దెబ్బతింటోందన్న మాట.

ఇక మీ ఆవిడ గోల. సగం నిజం ఆమె వైపుంది. నింపాదిగా కయాక్ నడపడానికి, ఊరికే కూర్చున్నప్పటికంటే అయిదు రెట్ల శక్తి ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి గంటకి 350 కిలోక్యాలరీలు. చకచకా నడిచినదానికంటే కాస్త ఎక్కువ. వారంలో ఇంకో మూడు రోజులు నడక కూడా ఉంటే నెలలు గడిచేకొద్దీ బీపీ తగ్గడానికి ఇది సాయపడుతుంది, హాని చెయ్యదు. కానీ ఒకే పనిని కాళ్లతో కాకుండా చేతులతో చేస్తే గుండె వేగం, బీపీ ఎక్కువ పెరుగుతాయి. దానికి తోడు పిడికిలి బిగించి, ఊపిరి బిగబట్టి ఎదురుగాలిలో ఒడ్డు చేరాలని లాగారంటే ఆ క్షణాన బీపీ ఎంతకి ఎగబాకుతుందో చెప్పలేం. కాబట్టి మాట్లాడుతూ నడపగలిగిన వేగమే మీ వేగం. మాట తెగుతుంటే ఆగిపోవాలి. ఈ వయసులో, బీపీ, షుగరు రెండూ ఉన్నవాళ్లు మళ్లీ మొదలుపెట్టే ముందు ఒకసారి ఫిజీషియన్‌ని కలిసి ఈసీజీ, ఆయన చెప్తే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవడం సబబు. ఆదివారం పొద్దున కొలిచినప్పుడు పై అంకె 160, కింది అంకె 100 దాటితే ఆ వారానికి చిలికా లేదు. 180, 110 దాటితే వెంటనే డాక్టరుకి ఫోను.

నాకు ఇంకా కోపం తెప్పించింది ఆ నొప్పి మాత్ర. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనిని చెడగొడతాయి. మీ బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించే మందు ఉండి, పేరు చివర 'సార్టన్' అని వచ్చే మందు కూడా ఉండి, పైన నొప్పి మాత్ర వేసి ఎండలో చెమట కార్చారంటే కిడ్నీల మీద మూడు వైపుల నుంచి దెబ్బ. అంతేకాదు, నొప్పి తెలియకపోవడంతో భుజాన్ని ఇంకా అరగదీస్తున్నారు. మాత్ర వేసుకుంటే తప్ప తెడ్డు పట్టలేని రోజు తెడ్డు పట్టకూడని రోజే. మీ మాత్రల చీటీ డాక్టరుకి చూపించి, చెమట పట్టే ఆదివారాలు వాటిని ఎప్పుడు వేసుకోవాలో అడగండి. మీ అంతట మీరు మానెయ్యొద్దు.

కయాకింగ్ గురించి విదేశీ వీడియోల్లో చన్నీళ్ల గురించి తెగ భయపెడతారు. వాళ్ల నీళ్లు చల్లగా ఉంటాయి, 15 డిగ్రీల లోపు నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి అందకపోవడం నిజమే. మన గంజాం తీరంలో ప్రమాదం ఎండ, ఉక్క. పై నుంచీ, నీళ్ల మీద నుంచీ కూడా ఎండ కొడుతుంది, గాలికి చెమట ఆరిపోతుంది కాబట్టి ఎంత పోయిందో తెలీదు. బయల్దేరే ముందు ఒకసారి, దిగాక ఒకసారి బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు నీళ్లు తక్కువ తాగినట్టు. ఉప్పూ పంచదార కలిపిన నీళ్లు కావాలంటే లీటరుకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అంతకు మించొద్దు. మీ బీపీకీ షుగరుకీ అది బాగా చెమటోడ్చిన రోజున తప్ప మంచిది కాదు. మామూలు రోజుల్లో నీళ్లు, పల్చటి మజ్జిగ చాలు. తిరిగొచ్చాక ఆ ఊళ్లో ఎవరింట్లోనైనా పఖాళ, అదే నీళ్లలో నానేసిన చద్దన్నం, పెడితే కాదనకండి, దానంత బాగా ఒంటిని చల్లబరిచేది నాకైతే తెలీదు. కాకపోతే అది తాగి కారు తోలితే నిద్రొస్తుంది, బావమరిదికివ్వండి తాళాలు.

నీళ్లలో దెబ్బల సంగతి చిన్నగా చెప్పి వదిలేస్తాను. చిలికాలో మీరు తిరిగే దక్షిణ భాగం ఉప్పగా ఉంటుంది. వెచ్చటి ఉప్పునీళ్లలో పెరిగే విబ్రియో జాతి సూక్ష్మజీవులు చిన్న గీతలోంచి ఎక్కి, కాలేయ జబ్బు, షుగరు ఉన్నవాళ్లని గంటల్లో కుంగదీయగలవు. గుల్ల గీరుకున్నా, వెదురు ముల్లు గుచ్చుకున్నా మంచినీళ్లతో, సబ్బుతో కడగండి. ఎర్రదనం పాకుతూ, గాయానికి మించిన నొప్పి ఉంటే ఆ రోజే ఆస్పత్రికి. వానల్లో రుషికుల్య నదిలోనో ఊరి చెరువుల్లోనో దిగితే భయం వేరు, ఎలకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్. దిగిన వారం రెండు వారాలకి జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే నీళ్లలో దిగిన సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి. మనం చెప్పకపోతే ఆయనకి తట్టదు. చర్మం కాపాడుకోవడానికి పాదాలకి రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి.

అమ్మాయి రావచ్చు, తన కయాక్‌లో కాదు. ముందు ఈత నేర్పించండి. ఇద్దరు కూర్చునే కయాక్‌లో ముందు తను, వెనక మీ ఇద్దరిలో ఒకరు, పిల్ల కొలతకి కొన్న జాకెట్‌తో, గంటకి మించకుండా. పెద్దవాళ్ల తెడ్డు తన భుజాలకి బరువు, పొట్టిది, తేలికది కొనండి. నిజంగా ఇష్టం కుదిరితే కటక్ దగ్గర జగత్‌పూర్‌లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్ల జల క్రీడల శిక్షణ ఉంది. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ సలామ్ 1000 మీటర్ల జంట కెనూలో కాంస్యం తెచ్చారు. ఆడపిల్లల కెనూ పోటీలు ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2021లో జరిగిన టోక్యో ఆటల్లోనే. కెనూ అంటే ఒక మోకాలి మీద కూర్చుని ఒకే పక్క తెడ్డు వెయ్యడం, పందెం పిల్లల్లో ఆ మోకాలు, ఒక పక్క నడుం నొప్పులు తరచు కనపడతాయి. తను ఆ దారి పట్టినప్పుడు మళ్లీ రాయండి, అప్పుడది వేరే ఉత్తరం అవుతుంది.

దసరాకి ద్వీపం మాత్రం వద్దు. ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న, దసరా పండగ రోజుల్లోనే. తిత్లీ మన పక్కనే పలాస దగ్గర దాటింది 2018 అక్టోబరు 11న. తుపాను వస్తుందంటే నాలుగు రోజుల ముందే తెలుస్తుంది, ఎటూ వెళ్లరు, ఆ మాట నిజమే. నేను భయపడేది దానికి కాదు, అప్పటికప్పుడు కమ్మి వచ్చే గాలివానకీ పిడుగులకీ. పిడుగుపాటుని ఒడిశా ప్రభుత్వం 2015లోనే రాష్ట్ర విపత్తుగా ప్రకటించిందంటే సంగతి అర్థం చేసుకోండి. నడి సరస్సులో కూర్చున్న మనిషే అక్కడ అన్నిటికంటే ఎత్తైన వస్తువు. ఉరుము వినపడిందంటే ఒడ్డెక్కాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకూడదు. ఫోనులో పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి.

పిడుగు లేకపోయినా గాలి ఉంది. చిలికా చాలా చోట్ల లోతు తక్కువ. లోతు లేని నీళ్ల మీద గాలి ఊదితే అలలు పొట్టిగా, నిటారుగా, వరసగా లేస్తాయి, చిన్న కయాక్‌కి సముద్రపు పెద్ద అల కంటే ఇవే ఇబ్బంది. పొద్దెక్కేకొద్దీ సముద్రం గాలి తిరుగుతుంది. అలల మీద అక్కడక్కడ తెల్ల నురుగు కనపడిందంటే గాలి గంటకి 15, 20 కిలోమీటర్ల దాకా ఉన్నట్టు. మీ కయాక్ వేగం గంటకి 4, 5 కిలోమీటర్లు. ఎదురైతే ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్లండి, అలిసిపోయాక అదే మిమ్మల్ని తీసుకొస్తుంది. రొయ్యల కోసం సరస్సులో కట్టే ఆవరణల, అంటే ఘేరీల, వలకట్లకీ వెదురు కంపలకీ దూరంగా ఉండండి, అక్కడ తిరగబడితే జాకెట్ పట్టీలే వలకి తగులుకుంటాయి. మోటారు పడవవాళ్లకి దూరం నుంచి కనపడేలా నారింజ రంగు చొక్కా వేసుకోండి. జాకెట్‌కి ఈల, నీళ్లు దూరని సంచిలో ఫోను, 112 నంబరు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో జెట్టీలో ఒక పడవ మనిషికి చెప్పి దిగండి.

నవంబరు ఆఖరి నుంచి ఫిబ్రవరి దాకా మీ కాలం. అప్పటికి భుజమూ వేళ్లూ దారిన పడతాయి, ఈసీజీ కూడా అయిపోతుంది. మొదటి నాలుగు వారాలు ఒడ్డు వెంబడి, ముప్పావుగంటతో మొదలుపెట్టి వారానికి పావుగంట పెంచండి. ద్వీపం ప్రయాణం జనవరిలో పెట్టుకోండి, తెల్లవారి ఆరింటికి దిగి తొమ్మిదికల్లా ఒడ్డెక్కేలా, తోడుగా మోటారు పడవ ఒకటి మాట్లాడుకుని. అమ్మాయి అలిసిపోతే దాంట్లో ఎక్కించెయ్యవచ్చు, మీరు అలిసిపోయినా.